బుట్టలోని సముద్రపు చేపను పోల్చుకొనుట



కొర్రమీనును చీకటిలో తడిమి అయినా మనము చెప్పగలము. బొచ్చె ఏదో, శీలావతి ఏదో చెరువుగట్టున పెరిగిన పిల్లవానికి ఎవరూ నేర్పనక్కర లేదు. సముద్రపు చేప సంగతి అట్లు కాదు. తీరమునకు దూరముగా ఉన్న ఊళ్ళకు ఒకప్పుడు ఎండు చేప ఎక్కువగా వచ్చేది. ఇప్పుడు విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం రేవులలో దించిన పచ్చి చేప మంచు పెట్టెలలో సర్దుకొని, ఎక్కడో లోపలి ఊళ్ళ సంతలలో గూడ దిగుచున్నది. వచ్చినందుకు సంతోషమే. కాని చిక్కేమిటంటే, అమ్మే మనిషి ఏ పేరు చెబితే మనకు అదే పేరు, ఆ పేరును బట్టే ధర. ఒక కిలో వంజరం ధరకు కవళ్ళు కొంటే ఇంటిల్లిపాదీ నాలుగు పూటలు తినవచ్చును. మరి అంత డబ్బు పోసి కొన్నది వంజరమే అని మీకు తెలిసేదెట్లా?

ముందుగా ఒక్క మాట. ముక్కలు కోసి పెట్టిన చేపను పోల్చుట ఆరితేరిన వారికే కష్టము. తల, తోక, రెక్కలు పోయిన పిమ్మట చేపకు మొగమేది? అందుచేత కోయక ముందే చూడవలెను. "అమ్మా, ఆ చేపను ఒకసారి తిప్పు, చూసి చెబుతాను" అని అడుగుటకు మొగమాటము అక్కర లేదు. చేపలమ్మే వారిలో చాలమంది అడగక ముందే మొప్ప ఎత్తి చూపుతారు. ఇక రంగును మాత్రము నమ్మకండి. నీళ్ళలో ఉన్న రంగు గట్టు మీద ఉండదు, గట్టు మీద ఉన్నది మంచులో ఉండదు. తోక మొదలు, పొట్ట అడుగు, పక్కన సాగిన గీత, నోరు, ఈ చోట్ల ఉన్న గుర్తులైతే అంత తొందరగా మాసిపోవు.

వంజరముతోనే మొదలుపెడదాము. విశాఖ వైపు దీనినే కోనెం అంటారు. పొడుగాటి దేహము, కొంచెము పక్కలకు నొక్కినట్లుండును. పొలుసులు పైకి కనబడవు, చర్మము నున్నగా ఉండును. నోరు తెరిచి చూస్తే కత్తిమొన వంటి మూడు పలకల పళ్ళు వరుసగా కనిపించును. అన్నిటికన్న మంచి గుర్తు తోక దగ్గర ఉన్నది. వెన్ను మీది రెక్కకూ తోకకూ మధ్య, అట్లే కింది వైపున, విడివిడిగా చిన్న చిన్న రెక్కలు రంపపు పళ్ళవలె వరుస తీరి ఉండును. వీటిని చిరురెక్కలు అందాము. చిరురెక్కలు లేనిది వంజరము కాదు. మన తీరమున వంజరము మూడు రకాలు. ఒకదానికి పక్కల మీద నిలువుగా, అలలు తిరిగిన చారలుండును. దీని పక్క గీత రెండవ వెన్ను రెక్క ముగిసే చోట ఒక్కసారిగా కిందికి వంగిపోవును. ఇదే బాగా పెద్దదగును, గజము దాటిన చేపలు కూడ పడుచుండును. రెండవదానికి చారలకు బదులు గుండ్రని మచ్చలు. మూడవదానికి తెగితెగి పోయిన చిన్న చిన్న అడ్డుగీతలు. మూడూ మంచి చేపలే, మూడూ వంజరములే.

అయితే చిరురెక్కలున్నవన్నీ వంజరములా? కావు. సూర చేపకూ అవి ఉన్నవి. సూర దేహము కదురువలె మధ్యలో బలిసి రెండు చివరలా సన్నబడి ఉండును. కోస్తే గుట్టు బయటపడును. వంజరము కండ తెల్లన, చర్మము కిందుగా పక్కన సన్నని చారిక మాత్రమే కొంచెము ఎరుపు. సూర కండ చాలవరకు ముదురు ఎరుపు. తోలుపార అనే మరొక చేప గలదు. దానికి గూడ తోక వైపు చిరురెక్కల వంటివి కనబడును గాని, అవి పూర్తిగా విడిపోయి ఉండవు. చర్మము తోలువలె మందము, పక్కల మీద వేలిముద్రలు వేసినట్లు పెద్ద మచ్చలు వరుసగా ఉండును. పొట్ట వెనుక, కింది రెక్కకు ముందు రెండు ముళ్ళు విడిగా గుచ్చుకొనును. అక్కడ వేలు జాగ్రత్త! బారకూడా అనే పొడుగు చేపను గూడ ముక్కలు చేసి వంజరములో కలిపితే కనిపెట్టుట కష్టము. నిండు చేపగా అయితే సులభమే. దాని వెన్ను మీద రెండు రెక్కలు ఒకదానికొకటి చాల ఎడముగా ఉండును, పొలుసులు స్పష్టముగా కనబడును, కింది దవడ ముందుకు పొడుచుకొని వచ్చును, చిరురెక్కలు ఒక్కటీ ఉండవు. ఇవి తినరాని చేపలని నేను చెప్పుట లేదు. సూర పులుసు వంజరము పులుసుకు తీసిపోదని వాదించే వారున్నారు. వంజరము ధరకు కొనరాదని మాత్రమే చెప్పుచున్నాను.

ఇక చందువ. ఈ చేప విషయములో రైతులమైన మనకు మరొక రీతిని గూడ సంబంధము ఉన్నది, అది తరువాత చెబుతాను. తెల్ల చందువ పలుచగా, పళ్ళెమువలె గుండ్రముగా ఉండును. వెన్ను రెక్క, కింది రెక్క ముందు భాగములు కొడవలివలె వంగి ఉండును. తోక లోతుగా చీలి, కింది పాయ పై పాయకన్న పొడుగు. నోరు చిన్నది, మొద్దుగా ఉండును. వేలితో రాస్తే పొలుసులు వెండిపొడివలె అంటుకొనును. దీని పొట్ట కింద జత రెక్కలు ఉండవు. ఈ గుర్తును బాగా పట్టుకోండి. నల్ల చందువ అనునది పేరుకే చందువ, వంశమును బట్టి చూస్తే పారల జాతిది. తోక మొదట పక్కగా వేలు జరిపితే గట్టి పొలుసుల గరుకు గీత తగులును. తెల్ల చందువకు అక్కడ నున్నగా ఉండును. నల్ల చందువ ముళ్ళు తక్కువైన మంచి చేపే, ధర మాత్రము తెల్లదానికన్న తక్కువ ఉండుట న్యాయము.

రైతులకు సంబంధమని చెప్పినది రూప్‌చంద్ సంగతి. ఇది సముద్రపు చేప కానే కాదు. దక్షిణ అమెరికా నదుల చేప. మన గోదావరి, కృష్ణా జిల్లాల చెరువులలో కొన్నేళ్ళుగా విరివిగా పెంచుచున్నారు. గుండ్రముగా, పలుచగా ఉండుటచేత తెలియనివారికి చందువవలె తోచును. ఆ పోలికను ఆసరా చేసుకొని దూరపు ఊళ్ళలో చందువ పేరుతో అమ్మేవారు గలరు. దీనిని కనిపెట్టుటకు మూడు చోట్లు చాలును. పొట్ట కింద వేలు పెట్టండి, జత రెక్కలు తగులును. వెన్ను రెక్కకూ తోకకూ మధ్య చూడండి, ఎముక లేని చిన్న కండ రెక్క ఒకటి నిలబడి ఉండును. పెదవి ఎత్తండి, మనిషి దంతముల వంటి వెడల్పాటి పళ్ళు కనబడును. గింజలను నమిలి పగులగొట్టే పళ్ళవి. లేత చేపకు పొట్ట ఎర్రగా ఉండును గాని, పెరిగినకొద్దీ ఆ ఎరుపు తగ్గును, దానిని నమ్ముకొనరాదు. రూప్‌చంద్‌ను తింటే చెరుపేమీ లేదు. కండలో సన్న ముళ్ళు ఉండుట ఒక్కటే లోపము, చందువ కండలో అవి ఉండవు. చెరువులో పెంచిన రైతు తన చేపను తన పేరుతోనే అమ్మించుకొనుట మేలని నా అభిప్రాయము. పేరు మార్చి అమ్మితే లాభము మధ్యవానిది, అపకీర్తి చేపది. ఒకసారి మోసపోయిన ఇల్లాలు చందువనూ కొనదు, రూప్‌చంద్‌నూ కొనదు.

పండుగప్ప ఉప్పుటేరులలోను, సముద్రములోను, రొయ్యల చెరువుల పక్కన పెంపకములోను దొరకును. తల పైభాగము కొంచెము పల్లముగా గుంట తీరి ఉండును, నోరు కంటి వెనుకదాకా చీలును, తోక చీలదు, విసనకర్రవలె గుండ్రము. మొప్ప మూత అంచున పదునైన రంపపు ముళ్ళున్నవి, తెలియక పట్టుకుంటే చెయ్యి తెగును. మాగ చేపను పోల్చుట మరీ తేలిక. చెవి రెక్క కింద విడివిడిగా నాలుగు దారాలు వేలాడును, ముక్కు నోటి మీదికి వచ్చి ఉండును, కంటి మీద కొవ్వు పొర. గొరకకు పక్క గీత తోక రెక్క చివరంటా పోవును, తల పగులగొడితే తెల్లని రాళ్ళు రెండు దొరకును. పిల్లలు వాటి కోసము పోట్లాడుకొనుట మామూలే.

చిన్న చేపలను తక్కువగా చూడరాదు. కానాగంతలనే తీసుకోండి. కొన్ని ఊళ్ళలో కనగర్తలంటారు. వెన్ను రెక్క వెనుకా, కింది రెక్క వెనుకా అయిదేసి చిరురెక్కలు, చెవి రెక్క అంచు దగ్గర ఒక నల్ల మచ్చ, వీపు మీద చుక్కల వరుసలు. ఈ పేరుకు ఒక ముచ్చట గలదు. ప్యాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు 18వ శతాబ్దము చివర విశాఖపట్నములో ఉండి, అక్కడ పడే చేపలను సేకరించి, బొమ్మలు వేయించి, అక్కడివారు చెప్పిన తెలుగు పేర్లనే వాటి పక్కన వ్రాసుకొనెను. రెండు వందల చేపల ఆ గ్రంథము 1803లో లండనులో అచ్చయినది. తరువాతి శాస్త్రజ్ఞులు ఆ పేర్లను కొన్నిటిని అట్లే ఉంచిరి. ఈనాటికీ ప్రపంచమంతటా శాస్త్రజ్ఞులు ఈ చేపను రాస్ట్రెల్లిజర్ కనగుర్త అనియే వ్రాయుదురు. సావళ్ళలో ఒక జాతికి శాస్త్రనామములో ఉన్న 'సవల' అనే మాట కూడ అట్లు వెళ్ళినదే.

సావళ్ళను పోల్చలేనివారుండరు. వెండి పట్టీవలె పొడుగు, తోక రెక్క ఉండదు, చివర తాడువలె సన్నబడిపోవును, నోట కోరలు. కవళ్ళకు పొట్ట అడుగున వేలు వెనుక నుండి ముందుకు జరిపితే రంపపు కరుకు తగులును. నెత్తళ్ళకు పక్కన వెండి గీత, నోరు ముట్టె కిందికి ఉండును. కవళ్ళు, నెత్తళ్ళు వంటి చిన్న చేపలను ఎముకతో సహా తింటాము గనుక కాల్షియము దండిగా అందును. కవళ్ళ నూనె గుండెకు మంచిదని వైద్యులు చెప్పుచున్నారు. బాలింతకో, ఎదిగే పిల్లకో పెట్టవలెనంటే అప్పు చేసి వంజరమే తేనక్కర లేదు.

కలగలుపు చిన్న చేపలు కుప్పగా కొనేటప్పుడు ఒకదానిని ఏరి పారవేయవలెను. పొలుసులు లేని మొద్దు దేహము, చిలుక ముక్కు వంటి పలకల పళ్ళు, పట్టుకొన్నప్పుడు బుడగవలె ఉబ్బే పొట్ట, ఇవి దాని గుర్తులు. ఇందులో ప్రాణము తీసే విషమున్నది. ఎంతసేపు ఉడికించినా ఆ విషము పోదు. కోళ్ళకూ, పిల్లులకూ అందకుండా పాతిపెట్టండి.

చేప ఏదో తెలిసినంతమాత్రాన చాలదు, ఎన్నాళ్ళదో గూడ తెలియవలెను. కన్ను ఉబ్బి నిగనిగలాడవలెను, మొప్పలు ఎర్రగా ఉండవలెను, వేలితో నొక్కిన గుంట వెంటనే పూడవలెను. కానాగంతలు, సూర, కవళ్ళు, వంజరము, ఈ చేపలు మంచు లేకుండా కొన్ని గంటలున్నా చాలును, హిస్టమిన్ అనే చెడు పదార్థము పుట్టును. వండినా అది పోదు. తిన్న కొద్దిసేపటికే నోరు చురచురలాడుట, మొగము ఎర్రబడుట, తలనొప్పి, దద్దురులు కలుగవచ్చును. అట్లయిన వెంటనే వైద్యుని చూడవలెను. ముక్క నాలుకకు మిరియమువలె చురుక్కుమంటే అక్కడితో ఆపి పారవేయండి, డబ్బు పోయిందని చూడకండి.

మరొకటి. మన తూర్పు తీరమున ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 రోజులు, మరపడవల వేట నిషేధము. చేప గుడ్లు పెట్టే కాలమది. ఆ రోజులలో తెరచాప, తెడ్డుతో పోయే నావల చేప కొద్దిగా దొరకును. అందుచేత మే నెలలో బుట్టల కొద్దీ పెద్ద వంజరములు పెట్టి "నిన్న రాత్రి కాకినాడలో పట్టినవే" అంటే, కొంచెము ఆలోచించండి. పడమటి తీరమునుండి వచ్చినదో, శీతల గిడ్డంగిలో ఉన్నదో కావచ్చును. గిడ్డంగి చేప చెడ్డదని కాదు, దాని ధర వేరు.

విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. ఈ గుర్తులను గోడపత్రిక మీద చూపుటకన్న, ఒక తెల్ల చందువను, ఒక రూప్‌చంద్‌ను కొని, పక్కపక్కన పళ్ళెములో పెట్టి మహిళా సంఘమువారి చేత తడిమించండి. పొట్ట కింద జత రెక్కలు ఉన్నదేదో, లేనిదేదో కళ్ళు మూసుకొని చెప్పమనండి. పాఠము అయిన పిమ్మట రెండిటినీ అక్కడే వేరువేరుగా వండించండి. సన్న ముళ్ళ సంగతి తినేటప్పుడు వారే చెప్పుదురు.