పాత దర్వాజ

ఇల్లు కొనువాడు గజాలు కొలుచును గాని, మనసు మాత్రము చిన్ననాటి ఇంటినే కొలతగా పెట్టుకొనును. కరీంనగరములో ఒక వేసవి అంతయు తిరిగిన పిదప నాకీ సంగతి తెలిసినది. నీళ్లు, దారి, వాస్తు అన్నీ కుదిరిన ఇండ్లను సైతము ఏదో వంకతో కాదంటిని.

“మీరు ఇల్లు చూస్త లేరు, కొదురుపాక చూస్తున్నరు” అన్నది నా శ్రీమతి.

నిజమే. మా కొదురుపాక మానేటి నీళ్లపాలైనది. మన్వాడ కడ కట్టిన మధ్యమానేరు జలాశయములో రాజన్న సిరిసిల్ల జిల్లా గ్రామములెన్నో మునిగినవి. వరదవెల్లి గుట్టమీది దత్తాత్రేయుని దర్శనమునకు పడవలో పోవలసివచ్చినది. దేవునికి గుట్ట దక్కినది. మా భవంతికి అదియు లేదు. (భవంతి యనగా మేడ కాదు; మా దిక్కున, నడుమ ఆకాశము కనిపించు పెంకుటిల్లు.) పరిహారములో గోడలకు, దూలములకు ధర కట్టిరి. నడిమి గచ్చుపై వాన చప్పుడునకు ధర అడుగుటకు దరఖాస్తులో చోటు లేదు.

తుదకు కొన్నది మూడు గదుల డాబా. ఊరు విడుచునాడు విప్పి తెచ్చిన ఆదిలాబాదు టేకు దర్వాజ దాని గుమ్మమునకు జానెడు ఎక్కువైనది. దర్వాజ కోసెదనన్నాడు వడ్రంగి.

గోడను తొలువుమన్నాను.