మూత పెట్టిన ఇరవై నిమిషాలు

సోర్‌డో రొట్టెకు బలం స్టార్టర్‌లో, అంటే పిండీ నీళ్లూ కలిపి పులియబెట్టి పెంచుకునే ముద్దలో, ఉంటుంది. ఆ బలమంతా ఓవెన్‌లో బయటపడాలంటే ఆవిరి కావాలి. అందుకు ఖరీదైన ఓవెన్ అక్కర్లేదు, బరువైన మూత చాలు.

ఇంట్లో చేసుకునే సోర్‌డో మీద ముఖచిత్ర కథనం కావాలి, బుధవారానికల్లా ఇచ్చెయ్యాలి అన్నారు ఎడిటర్‌గారు. స్టార్టర్ ఎలా పెంచాలి, ఏ పిండి మంచిది, అరుగుదలకు ఎంత మేలు... ఇలాగే సాగుతుందనుకుని పాత రాతలు తిరగేయడం మొదలుపెట్టాను. ఒక రెసిపీ దగ్గర ఆగిపోయాను. ఇక అక్కణ్నుంచి కదల్లేదు.

అది 2006 నవంబరు 8న న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చింది. రాసింది మార్క్ బిట్‌మన్, తన ‘ది మినిమలిస్ట్’ శీర్షికలో. నేర్పింది జిమ్ లాహీ, న్యూయార్క్‌లోని సలివన్ స్ట్రీట్ బేకరీ ఆయనదే. మూడు కప్పుల పిండి, పావు టీస్పూను ఈస్టు, కాస్త ఉప్పు, పిండి జారుగా ఉండేటన్ని నీళ్లు. పిసికే పని లేదు. 12 నుంచి 18 గంటలు అలా వదిలేయడమే. జనానికి గుర్తుండిపోయింది ఈ పిసకక్కర్లేని సంగతే. ‘నో నీడ్ బ్రెడ్’ అన్న పేరూ అలా స్థిరపడింది. నాకు మాత్రం ఆ రెసిపీలో ప్రాణమంతా చివర్లో వచ్చే పాత్రలో కనిపించింది. ఆరు నుంచి ఎనిమిది క్వార్టులు, అంటే సుమారు ఆరు లీటర్లు, ఆ పైన పట్టే మందపాటి పాత్రను మూతతో సహా ఓవెన్‌లో పెట్టి 450 డిగ్రీల ఫారన్‌హీట్, మన లెక్కలో 230 డిగ్రీల దాకా కాల్చాలి. పిండి ముద్దను అందులో వేసి మూత పెట్టాలి. అరగంటయ్యాక మూత తీసి, ఇంకో 15 నుంచి 30 నిమిషాలు కాలనివ్వాలి.

ఆ మూత కింద ఏం జరుగుతుందో లెక్క వేస్తే, ఇళ్లలో రొట్టె ఎందుకు గట్టి ముద్దలా మిగిలిపోతుందో తెలిసిపోతుంది.

ఒక గ్రాము నీరు ఆవిరైతే 100 డిగ్రీల దగ్గర దాదాపు 1.7 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. ఆరు లీటర్ల పాత్ర నిండడానికి నాలుగు గ్రాముల నీరు చాలు. పిండి ముద్దలో నీరెంత ఉంటుంది? శాన్‌ఫ్రాన్సిస్కో బేకర్ చాడ్ రాబర్ట్‌సన్ 2010లో తెచ్చిన ‘టార్టీన్ బ్రెడ్’ పుస్తకంలోని సోర్‌డో కొలతలు చూడండి: పిండి 1000 గ్రాములు, నీరు 750, స్టార్టర్ 200, ఉప్పు 20. దీంతో రెండు రొట్టెలు. స్టార్టర్‌లో సగం నీరే కాబట్టి ఒక్కో ముద్దలో 400 గ్రాములకు పైగా నీరుంటుంది. కావలసింది నాలుగు గ్రాములు! రొట్టె తన ఆవిరిని తనతోనే తెచ్చుకుంటుంది. మనం దాన్ని బయటికి పోనివ్వకుండా ఉంటే చాలు. రాబర్ట్‌సన్ కూడా ఇళ్లలో చేసేవాళ్లకు మూతగా బోర్లించుకునే పోత ఇనుము పాత్రనే చెప్పాడు.

హైదరాబాదీ దమ్ బిర్యానీకి హండీ మూత చుట్టూ తడిపిండి అద్ది ఆవిరిని బంధించేదీ ఈ సూత్రంతోనే. తేడా ఏమిటంటే బిర్యానీకి మూత వడ్డించేటప్పుడే తీస్తాం, రొట్టెకు సగంలోనే తీసేయాలి.

ఆ ఆవిరి చేసే మొదటి పని చాలామంది అనుకునే దానికి వ్యతిరేకం. ఓవెన్‌లోకి వెళ్లిన ముద్ద చల్లగా ఉంటుంది. వేడి ఆవిరి దాని మీద నీటి పొరగా దిగుతుంది. పదో తరగతిలో చదువుకున్న గుప్తోష్ణం ఇక్కడ పనికొస్తుంది: గ్రాము నీటిని సున్నా నుంచి 100 డిగ్రీలకు తేవడానికి 100 క్యాలరీలు పడితే, దాన్ని ఆవిరి చేయడానికి ఇంకో 540 కావాలి. ఆవిరి తిరిగి నీరైనప్పుడు ఆ 540 రొట్టెకు అందుతాయి. అంటే ఆవిరి పైపొరను తడిగా ఉంచుతూనే వేడిని వేగంగా చేరవేస్తుంది. తడి ఉన్నంతసేపూ పైపొర ఎండి బిగుసుకోదు, లోపలి ఒత్తిడికి సాగుతుంది. లోపల ఈస్టు చివరి ఊపుతో పనిచేస్తుంది. వాయువులు వేడికి వ్యాకోచిస్తాయి. పిండిలో కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్ బయటపడుతుంది, ఆల్కహాల్ ఆవిరవుతుంది. 60 డిగ్రీలు చేరేసరికి ఈస్టు చనిపోతుంది, ఆ తర్వాత లోపలి గుజ్జు ఉడికి గట్టిపడుతుంది. పొంగేదంతా మొదటి పది, పదిహేను నిమిషాల్లోనే పొంగాలి. ఈలోపు పైపొర ఎండిపోతే రొట్టె ఎటో ఒక పక్క పగిలి వంకరపోతుంది, లేదా పొట్టిగా ఆగిపోతుంది. బ్లేడుతో పెట్టిన గాటు విచ్చుకుని అంచు ‘చెవి’లా లేచి నిలబడేది ఆ తడి వల్లే.

అదే తడిలో పైనున్న పిండిపదార్థం ఉడికి సన్నని జిగురు పొర అవుతుంది. తర్వాత ఆ పొరే నిగనిగలాడుతూ కరకరలాడుతుంది. తడి పొర 100 డిగ్రీలు దాటదు కనుక ఎర్రబడదు. అందుకే మూత తీసేయడం, పెట్టడమంత ముఖ్యం. రాబర్ట్‌సన్ లెక్కలో మూతతో 20 నిమిషాలు, తీశాక 20 నుంచి 25 నిమిషాలు. తీసిన క్షణానికి రొట్టె పాలిపోయి ఉంటుంది. భయపడి వేడి పెంచొద్దు, రంగు ఆ తర్వాతే వస్తుంది.

అడుగున ట్రేలో నీళ్లు పోయడం, గోడల మీద నీళ్లు చల్లడం, మంచుముక్కలు, లావా రాళ్లు... వీటిని నేను అంతగా నమ్మను. 40 లీటర్ల ఓవెన్ నిండడానికి పాత్రకు కావలసిన దానికి ఆరేడు రెట్ల నీరు కావాలి. ఆపైన అది నిలవదు. గ్యాస్ ఓవెన్‌లో మండిన వాయువులు బయటికి పోవడానికి కంతలుంటాయి, ఆవిరీ వాటితోనే పోతుంది. ఎలక్ట్రిక్ ఓవెన్‌లో ఫ్యాను తిరుగుతుంటే పైపొర ఇంకా త్వరగా ఎండుతుంది. నీళ్లు చల్లడానికి తలుపు తీసిన ప్రతిసారీ వేడి పడిపోతుంది. పాత్రలో పట్టని పొడవాటి బగెట్లకు ట్రే తప్పదు, ఒప్పుకుంటాను. గుండ్రటి సోర్‌డోకు మూతే దారి.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. ఆవిరి పొంగును పుట్టించదు, దానికి అడ్డం రాకుండా చూస్తుందంతే. స్టార్టర్ నీరసంగా ఉన్నా, ముద్ద సరిగా పులవకపోయినా, పులిసి జావకారిపోయినా ఎంత ఆవిరైనా దాన్ని లేపలేదు. ఆవిరి ఓవెన్లు అమ్మే ప్రకటనల్లో ఈ ముక్క కనిపించదు.

చరిత్ర త్వరగా చెప్పేస్తాను. ఆవిరితో కాల్చే పద్ధతికి పేరు తెచ్చింది వియన్నా. ఆస్ట్రియాకు చెందిన ఆగస్ట్ జాంగ్ 1830ల చివర్లో పారిస్ రిషెల్యూ వీధిలో వియన్నా బేకరీ తెరిచి, ఆవిరి ఓవెన్ రొట్టెల నిగనిగను ఫ్రెంచివాళ్లకు రుచి చూపించాడు. తర్వాత వియన్నా తిరిగెళ్లి 1848లో ‘డీ ప్రెస్సే’ పత్రిక పెట్టాడు. 1873 వియన్నా ప్రపంచ ప్రదర్శన చూసొచ్చిన అమెరికన్ రసాయన శాస్త్రవేత్త ఈబెన్ హార్స్‌ఫర్డ్ వియన్నా రొట్టె మీదే ఒక నివేదిక రాశాడు, 1875లో అచ్చయింది. బేకరీ ఓవెన్లలో ఆవిరి ఏర్పాటు మామూలైపోయింది, ఇళ్లకు మాత్రం చాలాకాలం అందలేదు.

మన వంటింట్లో ఏది మూత?

చాలా ఓటీజీలు 250 డిగ్రీల దాకా వెళ్తాయి, అది సరిపోతుంది. పాత్ర కొనేముందు ఓవెన్ లోపలి ఎత్తు కొలుచుకోండి. పాత్ర పట్టకపోతే మందపాటి ఇనుప పెనాన్ని బాగా కాల్చి, ముద్దను దానిమీద పెట్టి, పైన లోతైన స్టీలు గిన్నె బోర్లించండి. ఇదీ బాగా పనిచేస్తుంది. ప్లాస్టిక్ పిడి ఉన్న మూతలు, నాన్‌స్టిక్ పాత్రలు ఈ వేడికి పనికిరావు. ప్రెషర్ కుక్కర్ మూత బిగించి ఓవెన్‌లో పెట్టడం ప్రమాదం, ఆ ప్రయోగం వద్దే వద్దు.

పిండి, ఎండ

రాబర్ట్‌సన్ వాడేది తొమ్మిది పాళ్లు తెల్లపిండి, ఒక పాలు ముడిగోధుమ పిండి. మనకు మైదా, ఆటా ఉన్నాయి. మరలో ఆడిన ఆటా నీళ్లు ఎక్కువ తాగుతుంది కనుక నీరు ఒక్కసారిగా పోయకుండా చూసుకుంటూ కలపండి. ఆయన చెప్పిన మూడు నాలుగు గంటల పులియబెట్టడం 25 నుంచి 28 డిగ్రీల వంటింటికి. మే నెల విజయవాడలో అంత సేపు ఉంచితే ముద్ద జారిపోతుంది. కాస్త ఉబ్బి బుడగలు కనిపించగానే ఆకారం చుట్టి, రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టండి. చల్లటి ముద్దకు గాటు శుభ్రంగా పడుతుంది, దానిమీద ఆవిరి ఎక్కువసేపు దిగుతుంది.

చేతులు జాగ్రత్త

మూత తీసేటప్పుడు ముందు అవతలి అంచు లేపండి, ఆవిరి మీ ముఖం మీదికి రాకుండా పోతుంది. తీసిన మూత మీద మందపాటి గుడ్డ వేసి ఉంచండి, పిల్లలు ముట్టుకోకుండా. వేడెక్కిన ఓవెన్ అద్దం మీద ఒక్క చుక్క చల్లనీళ్లు కూడా పడనీయొద్దు. రొట్టె లోపల 96 డిగ్రీలు దాటాక బయటికి తీయండి. కోయడానికి కనీసం గంటసేపు ఆగాలి, లోపలి గుజ్జు ఇంకా కుదురుకుంటూ ఉంటుంది.