ఆరోగ్య మహిళ: బరువు గురించి అడగడానికి మొహమాటం వద్దు

మెట్లెక్కితే ఆయాసం. కింద కూర్చుంటే లేవడానికి చెయ్యి ఆసరా కావాలి. పోయినేడాది కుట్టించుకున్న జాకెట్టు పట్టదు. "నలభై దాటినై కదా, ఇంక ఇంతే" అని సర్దుకుపోతున్నారా? అయితే ఇది మీకోసమే.

తెలంగాణ ప్రభుత్వం 2023 మార్చి 8న 'ఆరోగ్య మహిళ' క్లినిక్‌లు మొదలుపెట్టింది. ఎంపిక చేసిన ప్రభుత్వ దవాఖానాల్లో ప్రతి మంగళవారం ఆడవాళ్లకు ప్రత్యేకంగా నడిచేవి ఇవి. బీపీ, షుగర్, రక్తహీనత పరీక్షలు, క్యాన్సర్ స్క్రీనింగ్, నెలసరి ఇబ్బందులు, మెనోపాజ్ వంటి వాటితో పాటు బరువు తగ్గడం, యోగా, వ్యాయామంపై సలహాలు కూడా ఇందులో భాగమే. పైసా కట్టనక్కర్లేదు. కానీ బరువు సంగతి మీరే నోరు తెరిచి అడగాలి. జ్వరానికో నొప్పికో వెళ్లి, అది మాత్రమే చెప్పి వచ్చేయకండి.

ఆశమ్మ రాసే మార్కులు ఏంటి?

30 ఏళ్లు దాటినవాళ్ల ఇంటికి ఆశా కార్యకర్త వచ్చి ఒక ఫారం నింపుతుంది. వయసు, పొగాకు, మద్యం, నడుం చుట్టుకొలత, వ్యాయామం, ఇంట్లో ఎవరికైనా బీపీ, షుగర్, గుండె జబ్బు ఉన్నాయా అని అడుగుతుంది. ఒక్కోదానికి మార్కులు. ఈ పరీక్షలో ఎక్కువ మార్కులు రాకూడదు! మొత్తం 4 దాటితే జబ్బు వచ్చిందని కాదు, ముప్పు ఉంది, ముందుగా పరీక్ష చేయించుకోవాలని అర్థం.

ఒక లెక్క చూడండి. వయసు 42 అయితే 2 మార్కులు. అమ్మకు షుగర్ ఉంటే ఇంకో 2. నడుం 86 సెంటీమీటర్లు ఉంటే 1. వారానికి 150 నిమిషాల వ్యాయామం లేకపోతే 1. మొత్తం 6. ఇందులో వయసును మనం మార్చలేం, అమ్మ షుగర్‌నూ మార్చలేం. నడుం 80కి దిగి, నడక మొదలైతే మాత్రం 6 కాస్తా 4 అవుతుంది. మన చేతిలో ఉన్నవి ఆ రెండే.

ఆడవాళ్లకు నడుం 80 సెంటీమీటర్లు, అంటే దాదాపు 31న్నర అంగుళాలు, దాటకూడదు. టైలర్ టేపు చాలు. చివరి పక్కటెముకకు, తుంటి ఎముకకు మధ్యలో చుట్టి, ఊపిరి వదిలాక చూడాలి. పొట్ట లోపలికి లాక్కుంటే మోసపోయేది మనమే.

ఇంటి పనంతా చేస్తూనే ఉన్నాం కదా?

ఈ మాట నిజమే. నాట్లు వేసినా, నీళ్లు మోసినా ఒంటికి శ్రమే, అది వ్యాయామం కిందికే వస్తుంది. కానీ పొయ్యి దగ్గర గంటసేపు నిలబడటం, మిషన్ మీద కూర్చుని కుట్టడం అలసట తెస్తాయి తప్ప ఊపిరి వేగం పెంచవు. నడిచేటప్పుడు పక్కనున్న అక్కతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదీ సరైన వేగం. రోజుకు 30 నిమిషాలు, వారానికి 5 రోజులు. ఒకేసారి కుదరకపోతే పొద్దున 15, సాయంత్రం 15.

"రోడ్డు మీద నడిస్తే నలుగురూ చూస్తారు" అనే బెరుకు చాలామందికి ఉంటుంది. ఒక్కరే కాకుండా సంఘంలోని నలుగురు కలిసి బయల్దేరండి. మొదట చూసినవాళ్లే తర్వాత మీతో రావచ్చు.

20 కిలోలు తగ్గాలని మొదట్లోనే పెట్టుకుంటే విసుగొస్తుంది. 70 కిలోలున్న మనిషి మూడు, నాలుగు కిలోలు తగ్గినా బీపీ, షుగర్‌కు మేలే. కిలో తగ్గితే అడుగు వేసినప్పుడల్లా మోకాలి మీద పడే భారం దాదాపు 4 కిలోలు తగ్గుతుంది. కాటా కదలకపోయినా, చెయ్యి ఆనించకుండా లేవగలుగుతున్నారా, బస్సు మెట్టు సులువుగా ఎక్కుతున్నారా చూసుకోండి. ధైర్యం అక్కడి నుంచే తిరిగొస్తుంది. పళ్లెంలో అన్నం ఒక చారెడు తగ్గించి, కూర, పప్పు పెంచండి. పస్తులొద్దు. పదిరోజుల్లో సన్నబడతారని అమ్మే పొడులు అసలే వద్దు.

ముందు డాక్టర్‌ను అడగాల్సినవాళ్లు

గర్భిణులు, ఈమధ్యే ఆపరేషన్ కాన్పు అయినవాళ్లు, గుండె జబ్బున్నవాళ్లు డాక్టర్ చెప్పాకే వ్యాయామం మొదలుపెట్టాలి. నడుస్తుంటే ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం ఉంటే వెంటనే ఆపి దవాఖానాకు వెళ్లండి. ఆయాసం బరువు వల్లే అనుకోవద్దు, రక్తం తక్కువున్నా వస్తుంది. ఏ కారణం లేకుండా బరువు పెరుగుతుంటే థైరాయిడ్ గురించి అడగండి. నడక మొదలైంది కదా అని బీపీ, షుగర్ గోలీలు సొంతంగా ఆపకండి.

మీ ఊరికి దగ్గర్లో ఆరోగ్య మహిళ క్లినిక్ ఎక్కడుందో ఆశమ్మనో, ఏఎన్ఎంనో అడగండి. పరగడుపున రావాలా అని సోమవారమే కనుక్కోండి. ఆధార్, పాత రిపోర్టులు, వాడుతున్న గోలీల పట్టీలు వెంట తీసుకెళ్లండి. నడుం కొలతను తేదీతో సహా ఒక కాగితం మీద రాసి అందులోనే పెట్టుకోండి, డాక్టరమ్మకు చూపించడానికి.