ఓడ మీద సెలవులు: అవ్వకు కూడా సెలవేనా?



నిడుగల్లు దుర్గం ఎక్కి నిలబడితే నాలుగు దిక్కులా మనకు కనబడేవి గుట్టలు, శెనక్కాయ చేన్లు, ఎండిన వంకలు. నీళ్ళంటే మనకు చెరువు, బోరుబావి, వానలు బాగా పడిన ఏడాది నాగలమడికె దగ్గర ఉత్తర పినాకిని. అలాంటి చోట కూర్చుని సముద్రం మీద ఓడ ప్రయాణం గురించి ప్రసంగమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. నాకూ అనిపించేదే. కానీ పోయిన నెల మా వీధిలోని ఒక అవ్వ నన్ను నిలబెట్టి అడిగిన ప్రశ్నకు అక్కడికక్కడ జవాబు చెప్పలేకపోయాను. ఆ జవాబే ఈనాటి ప్రసంగం.

“అయ్యోరూ, బెంగళూరులో ఉండే మావోడు ఓడకు టికెట్లు తీసిండాడంట. మద్రాసులో ఎక్కేదంట. ఆడ పిల్లోళ్ళను ఏదో క్లబ్బులో విడిచిపెడతారంట. క్లబ్బంటే పేకాట ఆడే చోటు కదా? పసిబిడ్డల్ని ఆడ ఎవరన్నా విడుస్తారా?” అని ఆమె అనుమానం.

అవ్వ తప్పేమీ లేదు. మన ఊళ్ళలో క్లబ్బు అనే మాటకున్న పేరు అలాంటిది. ఓడ మీద పిల్లల క్లబ్బు అంటే అది కాదు. ఒక పెద్ద గది, అందులో బొమ్మలు, రంగులు, పుస్తకాలు, ఆటలు, పిల్లల్ని ఆడించడానికి జీతానికి పెట్టుకున్న మనుషులు. ఇంచుమించు మన అంగన్‌వాడీకి, వేసవి శిబిరానికి మధ్యస్థంగా ఉంటుంది. బి.ఇడి. చదివినవారికి ఫ్రోబెల్ పేరు తెలుసు. జర్మనీలో 1837లో చిన్నపిల్లల కోసం ఆయన మొదలుపెట్టిన ఆటల బడే తరువాత కిండర్‌గార్టెన్ అయింది. ఆ చెట్టు కొమ్మే ఈ ఓడలోని గది కూడా.

మన రేడియోకు సైతం ఇందులో వాటా ఉంది. న్యాయపతి రాఘవరావుగారు, కామేశ్వరిగారు దంపతులు. మద్రాసు రేడియోలో పిల్లల కార్యక్రమాలు నడిపి రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అనిపించుకున్నారు. వారు 1940లో ఆంధ్ర బాలానంద సంఘం స్థాపించారు. అమ్మానాన్నలు పక్కన లేకుండా పిల్లలు తమంతట తాము పాడటం, ఆడటం, నాటకం వెయ్యడం అక్కడ జరిగింది. అదీ పిల్లల క్లబ్బే. కాబట్టి ఈ సంగతి మన తెలుగువాళ్ళకు కొత్తది కాదు, ఓడ ఎక్కడమే కొత్త.

ఆ ఓడ ఎట్లాంటిదో ఒక్క మాట. ఎంప్రెస్ అనే ఓడ 1990లో ఫ్రాన్స్‌లో తయారయింది. అమెరికా వైపు చాలా ఏళ్ళు తిరిగి, 2021 సెప్టెంబరులో కార్డీలియా కంపెనీ తరపున బొంబాయి నుంచి నడవడం మొదలుపెట్టింది. 2022 జూన్‌లో చెన్నై నుంచి విశాఖపట్నానికి వచ్చింది. విశాఖ రేవులో ఇలాంటి ఓడల కోసం కట్టిన టెర్మినల్‌ను 2023లో ప్రారంభించారు. ఓడ పొడవు 211 మీటర్లు. మన హైస్కూలు ఆటల పోటీల్లో రెండు వందల మీటర్ల పందెం ఉంటుంది కదా, ఆ పందెం మొత్తం ఓడ ఈ కొస నుంచి ఆ కొసకు పరుగెత్తినట్టు. అందులో భోజనశాలలు, నాటకశాల, ఈతకొలను అన్నీ ఉంటాయి. ఎప్పుడు ఏ రేవులో బయలుదేరుతుందో కంపెనీ ప్రకటన చూసుకోవాలి, అది ఋతువును బట్టి మారుతుంటుంది.

ఇంత పెద్ద ఓడలో మనకిచ్చే గది మాత్రం చిన్నది. తక్కువ ధర గదులకు కిటికీ కూడా ఉండదు. ఆ గదిలో కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు, అవ్వ. కొడుకూ కోడలూ నాటకం చూడటానికి పోతే పిల్లల దగ్గర ఎవరుంటారు? చెప్పనక్కరలేదు. ఇంట్లో ఉన్నప్పుడు ఎవరుంటారో వాళ్ళే. పెద్దలను ప్రయాణానికి పిలుచుకొనిపోయేటప్పుడు ప్రేమ ఉండదని నేననను, తప్పకుండా ఉంటుంది. కానీ పిల్లల్ని చూసుకోవడానికి ఒక మనిషి కావాలన్న లెక్క కూడా అందులో కొంచెం కలిసి ఉంటుంది. అరవై ఏళ్ళు చేను పని, ఇంటి పని చేసిన అవ్వ సముద్రం మధ్యన కూడా మనుమడి వెనకాల అన్నం గిన్నె పట్టుకొని తిరిగితే, ఆమెకు అది సెలవు ఎట్లా అవుతుంది?

పిల్లల క్లబ్బు ఉపయోగం ఇక్కడ తెలుస్తుంది. పిల్లవాడు రెండు గంటలు తనతోటి పిల్లలతో ఆడుకుంటే ఆ రెండు గంటలు అవ్వ పైఅంతస్తులో కుర్చీ వేసుకొని సముద్రం చూడవచ్చు. కోడలు నిద్రపోవచ్చు. ఇందులో బిడ్డను వదిలించుకోవడం ఏమీ లేదు. ఉపాధి హామీ పనికి పోయే తల్లుల పిల్లల కోసం కర్ణాటక ప్రభుత్వం గ్రామ పంచాయతీల్లో కూసిన మనె పేరుతో 2023లో శిశువిహారాలు మొదలుపెట్టింది. అక్కడ తల్లి పనికి పోవడం కోసం, ఇక్కడ విశ్రాంతి కోసం. బిడ్డను నమ్మకమైన చేతుల్లో పెట్టడం రెండుచోట్లా ఒకటే.

అయితే ఆ చేతులు నమ్మకమైనవా కావా అని టికెట్టు కొనకముందే అడిగి తెలుసుకోవాలి. మొదటిది వయసు. చాలా కంపెనీలు మూడేళ్ళు నిండి, దొడ్డికి పోవాలని తనంతట తాను చెప్పగలిగిన పిల్లలనే తల్లిదండ్రులు లేకుండా ఉంచుకుంటాయి. అంతకన్నా చిన్నవాళ్ళయితే మీరు పక్కన కూర్చోవలసిందే. సాధారణంగా క్లబ్బు ఖర్చు టికెట్టులోనే కలిసి ఉంటుంది కానీ, రాత్రి పొద్దుపోయాక గంటకింత అని వేరుగా తీసుకునే ఓడలున్నాయి. మొదటిరోజే పేరు నమోదు చేయించాలి. బిడ్డకు ఏ తిండి పడదో, ఏ మందు వేస్తున్నారో అక్కడ రాయించాలి. శెనక్కాయ పడని పిల్లలు కూడా ఉంటారని మన ప్రాంతంలో చెబితే నవ్వుతారు గానీ, అది ప్రాణం మీదికి తెచ్చే సంగతి. బిడ్డను తిరిగి తీసుకుపోయేటప్పుడు సంతకం ఎవరిదన్నది ముఖ్యం. అవ్వ పేరు ఆ కాగితంలో లేకపోతే అవ్వ పోయి అడిగినా బిడ్డను పంపరు. అది అవమానం కాదు. అట్లా పంపకపోవడమే మంచి క్లబ్బు లక్షణం.

ఈతకొలను సంగతి వేరు. చాలా ఓడల్లో కొలను దగ్గర కాపలా మనుషులు ఉండరు, బోర్డు మాత్రమే ఉంటుంది. క్లబ్బులో వదిలినంత ధీమాగా పిల్లల్ని కొలను దగ్గర వదలకూడదు. నీళ్ళు అరుదుగా చూసే మన పిల్లలకు ఈత రాదు, నీళ్ళంటే ఆశ మాత్రం ఎక్కువ.

నీళ్ళ ప్రయాణమంటే మన తెలుగువాళ్ళలో ఎక్కువమందికి తెలిసింది గోదావరి మీద పాపికొండల యాత్ర. బోటులోనే భోజనం, పాటలు, డాన్సులు. పిల్లలకు వేరే చోటు ఉండదు, తల్లి చెయ్యే వాళ్ళ క్లబ్బు. 2019 సెప్టెంబరు 15న, ఆదివారం పూట, దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర వరద నీటిలో రాయల్ వశిష్ట అనే బోటు మునిగి యాభైమంది వరకు చనిపోయారు. ఒడ్డున ఉన్న గిరిజన గ్రామాలవాళ్ళు తమ పడవల్లో వచ్చి కొందరిని కాపాడారు. ఆ రోజు వార్తలు విన్నవాళ్ళకు అందులో పిల్లలు కూడా ఉన్నారని గుర్తుండే ఉంటుంది. ఆ వార్త విన్న మనిషిగా చెబుతున్నాను, బోటయినా ఓడయినా ఎక్కగానే మొదట అడగవలసింది భోజనం ఎన్నింటికని కాదు, పిల్లల కొలతకు సరిపోయే లైఫ్ జాకెట్ ఎక్కడుందని. పెద్దవాళ్ళ జాకెట్ బిడ్డకు వేస్తే నీళ్ళలో బిడ్డ కిందికి జారిపోతుంది, జాకెట్ మాత్రం పైన తేలుతుంది.

సముద్రపు ఓడలకు ఈ విషయంలో అంతర్జాతీయ నియమాలున్నాయి. 1912లో టైటానిక్ మునిగిన తరువాత 1914లో లండన్‌లో కొన్ని దేశాలు కూర్చొని చేసుకున్న ఒప్పందం వాటికి మూలం. నేటి నియమం ప్రకారం నూరుమంది ప్రయాణికులకు పది చొప్పున తగ్గకుండా పిల్లల జాకెట్లు ఉండాలి. పిల్లలు అంతకన్నా ఎక్కువమంది ఉంటే ప్రతి బిడ్డకూ ఒకటి ఉండాలి. 2012 జనవరిలో ఇటలీ తీరాన కోస్టా కాంకోర్డియా ఓడ రాయికి తగిలి ఒరిగిపోయి 32 మంది పోయారు. ఆ రోజే ఎక్కిన ప్రయాణికులకు ప్రమాదంలో ఏం చెయ్యాలో ఇంకా చూపించలేదు. అందుకే ఓడ కదలకముందో, కదిలిన వెంటనేనో ఆ అభ్యాసం జరిగి తీరాలని 2015 నుంచి నియమం పెట్టారు. మన బడిలో గంట కొడితే పిల్లలు ప్రార్థనకు వరుసలో నిలబడినట్టు, ఓడలో గంట మోగితే ఎవరెక్కడ నిలబడాలో ముందే చెబుతారు. ఆ సమయంలో ఫోటోలు తీసుకుంటూ తిరిగేవాళ్ళను చూస్తే నాకు వెనక బెంచీ పిల్లలు గుర్తుకొస్తారు.

క్లబ్బులో చేర్చిన బిడ్డ చేతికి ఒక పట్టీ కడతారు. చాలా ఓడల్లో ఆ పట్టీ మీద బిడ్డ కుటుంబం నిలబడవలసిన చోటు నంబరు ఉంటుంది. బిడ్డ క్లబ్బులో ఉండగా గంట మోగితే క్లబ్బువాళ్ళే బిడ్డను ఆ చోటికి తీసుకువస్తారు. తల్లిదండ్రులు మెట్ల మీద జనానికి ఎదురు పరుగెత్తకూడదు, తమ చోటికి పోయి నిలబడాలి. తల్లి మనసుకు ఇది కష్టమే. అందుకే మీ ఓడలో పద్ధతి ఏమిటో మొదటిరోజే అడిగి, అవ్వతో సహా ఇంటిల్లిపాదికీ చెప్పుకోవాలి.

ఇవన్నీ అవ్వకు చెప్పాను. ఓపికగా విని, “వాళ్ళకి తెలుగు వస్తాదా?” అని అడిగింది. మంచి ప్రశ్న. ఓడలో హిందీ, ఇంగ్లీషు నడుస్తాయి. మన మాట తెలిసిన మనిషి ఉండవచ్చు, ఉండకపోవచ్చు. నాలుగేళ్ళ బిడ్డకు దాహం, కడుపునొప్పి, అమ్మ కావాలి, ఈ మాటలు హిందీలో, ఇంగ్లీషులో నేర్పి పంపితే చాలు. అవ్వ మనుమడికి రోజూ ఫోనులో ఇవే నేర్పుతోంది ఇప్పుడు. వాడు ఆమెకు తిరిగి గది నంబరు ఇంగ్లీషులో చదవడం నేర్పుతున్నాడట.