గట్టు మీది కుక్క, నేల మీది గూడు

దేవుడు ఇశ్రాయేలీయులకిచ్చిన ఆజ్ఞలన్నింటిలోకీ తేలికైనది ఏదంటే పూర్వకాలపు యూదు రబ్బీలు ఒక పిట్టగూడును చూపించేవారు. దారిలో చెట్టు మీద గానీ నేల మీద గానీ గూడు కనబడి, తల్లి ఆ గుడ్ల మీదో పిల్లల మీదో కూర్చుని ఉంటే, పిల్లలతో పాటు తల్లిని కూడా పట్టుకోకూడదు, తల్లిని పోనివ్వాలన్నది ఆ ఆజ్ఞ (ద్వితీ 22:6,7). ఇది పాటించడానికి పైసా ఖర్చు లేదు, బలి అర్పించే పని లేదు, యాజకుడి దగ్గరికి వెళ్లనక్కర్లేదు. అయినా దీనికి దేవుడు జోడించిన వాగ్దానం మాత్రం చిన్నది కాదు. మేలు కలుగుతుందనీ, దీర్ఘాయుష్షు దొరుకుతుందనీ ఆయన మాట ఇచ్చాడు. తల్లిదండ్రుల్ని సన్మానించే వారికిచ్చిన వాగ్దానం కూడా సరిగ్గా ఇదే (ద్వితీ 5:16). కన్న తల్లిదండ్రుల గౌరవమూ, ఎవరిదీ కాని ఒక పిట్ట ప్రాణమూ దేవుని లెక్కలో పక్కపక్కనే ఉన్నాయి.

ఆ వాక్యంలో ‘నేల మీద గానీ’ అన్న మాటను మనం గబగబా చదివి దాటేస్తాం. గూడు అంటే చెట్టు మీదే ఉంటుందని మన ఊహ. కొల్లేరు వాసులకు మాత్రం ఆ మాట వివరించనక్కర్లేదు. తీతువు పిట్ట గుడ్లు పెట్టేది ఉత్త నేల మీదే. గూడు అనడానికి అక్కడ ఒక చిన్న గుంట, నాలుగు గులకరాళ్లు తప్ప ఏమీ ఉండవు. పొడుగాటి ఎర్రకాళ్లతో బురదలో నడిచే చిన్న నీటిపిట్టలూ అంతే. నీళ్లు తగ్గిన చోట, గట్ల అంచుల్లో, మట్టి రంగులో కలిసిపోయే గుడ్లు పెట్టి పొదుగుతాయి. ఆ గుడ్లకు గోడ లేదు, కప్పు లేదు. చుట్టూ ఉన్న నీరే వాటికి ప్రహరీ. ఇప్పుడు ఆ ప్రహరీకి గండి పడింది. ఆ గండిలోంచి లోపలికి వస్తున్నవి ఊరకుక్కలు.

గోదావరి, కృష్ణా డెల్టాల నడుమ ఉన్న ఈ మంచినీటి సరస్సు గురించి ఈ ప్రాంత విశ్వాసులకు కొత్తగా చెప్పేదేముంది? బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చిన నీటిని కడుపులో దాచుకుని ఉప్పుటేరు ద్వారా బంగాళాఖాతానికి పంపుతుంది. సరస్సు లోపల 46 లంక గ్రామాలు, అంచున మరో 76 గ్రామాలు ఉన్నాయని చెబుతారు. ఐదో కాంటూరు వరకు ఉన్న 308 చదరపు కిలోమీటర్లను 1999లో ప్రభుత్వం అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడినేలల రామ్‌సర్ జాబితాలో కొల్లేరు చేరింది. లోకమంతా గుర్తించిన నీటి మధ్యే మన సంఘాలు ఆదివారం ఆరాధనకు గంట కొడుతున్నాయి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. కొల్లేటి పక్షుల్లో పెద్దదైన గూడబాతు పేరు మన తెలుగు బైబిల్‌లో ఉంది. 102వ కీర్తనలో బాధలో ఉన్న భక్తుడు తనను తాను అడవిలోని గూడబాతుతో పోల్చుకుంటాడు. హెబ్రీ మూలంలోని ‘కాఅత్’ అన్న ఆ పదం నిజంగా గూడబాతేనా, గుడ్లగూబ వంటి మరో పక్షా అని పండితులు వాదించుకుంటూనే ఉన్నారు. ఆ వాదన వారికే వదిలేద్దాం. తెలుగు అనువాదకులు ఎంచుకున్న మాట మాత్రం మన కొల్లేటి బిడ్డలకు కళ్లెదుట ఎగిరే మాట.

ఆ గూడబాతు ఒకసారి మనల్ని విడిచి వెళ్లింది కూడా. పక్షి శాస్త్రవేత్త కె.కె. నీలకంఠన్ 1946లో కొల్లేరు ప్రాంతంలో గూడబాతుల పెద్ద ఆవాసాన్ని గుర్తించారు. అప్పుడు అక్కడ దాదాపు 3,000 పక్షులు గూళ్లు కట్టుకుని ఉన్నాయి. 1970ల నాటికి ఆ ఆవాసం పూర్తిగా ఖాళీ అయింది. దశాబ్దాల తర్వాత కైకలూరు దగ్గర ఆటపాకలో అవి మళ్లీ గూళ్లు పెట్టాయి. చెట్లు చాలక అటవీశాఖ వాళ్లు ఇనుప స్టాండ్లు నిలబెడితే వాటి మీద కూడా కట్టుకున్నాయి. చూడ్డానికి జనం ఆదివారాల్లో బోట్లెక్కుతున్నారు. ఒకసారి పోయి తిరిగి వచ్చినవాటిని రెండోసారి పోగొట్టుకుంటే అవి మళ్లీ వస్తాయన్న హామీ మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

పరిచర్య పనిమీద లంక గ్రామాలకు వెళ్లినప్పుడల్లా మాకు గట్ల మీద కుక్కలు కనిపిస్తున్నాయి. ఒకటీ రెండూ కాదు, ఐదారు కలిసి, పొద్దున్నే చేపల చెరువుల గట్లు పట్టుకుని పోతుంటాయి. తలలు నేలకు దించి వాసన చూస్తూ నడుస్తాయి. తీతువులు పైన తిరుగుతూ గోలగోలగా అరుస్తుంటాయి. ఆ అరుపు చావుకు సూచన అని మన పల్లెల్లో పెద్దలు భయపడతారు గానీ, పాపం అది తన పిల్లల చావు గురించే అరుస్తోంది.

ఆ మాటే ఒక ముసలి మత్స్యకారుడితో అంటే ఆయన నవ్వాడు. ‘‘కుక్కనేం తిడతారండీ అయ్యగారూ! మా చిన్నప్పుడు ఊళ్లో కుక్క ఊళ్లోనే ఉండేదండి. నీళ్లు దాటి ఎక్కడికి పోద్దండి? దోనెక్కి పోద్దా? మనవేగదండీ గట్లు పోసింది. దానికి రోడ్డేసింది మనవే, భోజనం పెట్టింది మనవే. ఇప్పుడు అది వొచ్చి తింటందని ఏడుత్తన్నాం.’’

సెమినరీలో మాకు పాఠం చెప్పిన వాళ్లెవరూ పాపానికి ఇంత సూటిగా నిర్వచనం చెప్పలేదు!

ఆ పెద్దాయన చెప్పింది అక్షరాలా నిజం. లంక అంటే నీటి మధ్య ఉన్న నేల. నీరుంటేనే అది లంక. చేపల చెరువుల కోసం పోసిన గట్లు సరస్సును గదులు గదులుగా కోసేశాయి. 2005, 2006 సంవత్సరాల్లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో వేల ఎకరాల్లో గట్లు కొట్టేశారు. అప్పుడు బతుకుతెరువు పోయి ఏడ్చిన కుటుంబాల కన్నీళ్లు అబద్ధం కాదు, వారి కోసం ప్రార్థించిన సంఘాలు ఈ ప్రాంతంలో చాలా ఉన్నాయి. ఆ తర్వాత చాలాచోట్ల గట్లు మళ్లీ లేచాయి. నీరు తగ్గే వేసవిలోనైతే గట్టు కూడా అక్కర్లేదు, ఎండిన నేల మీద కుక్క నేరుగా నడిచిపోతుంది. తీతువులూ, బురదపిట్టలూ గుడ్ల మీద ఉండేది సరిగ్గా ఆ నెలల్లోనే.

నీరు అడ్డు లేకపోతే ఏమవుతుందో తెలుసుకోవడానికి ఆస్ట్రేలియాలోని ఒక బుల్లి దీవి కథ పనికొస్తుంది. విక్టోరియా రాష్ట్రంలో వార్నంబూల్ పట్టణం ఒడ్డునే మిడిల్ ఐలాండ్ ఉంది. ప్రపంచంలోనే అతి చిన్న పెంగ్విన్లు అక్కడ నేలలో బొరియలు చేసుకుని పిల్లల్ని పెంచుతాయి. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు దీవికీ ఒడ్డుకూ మధ్య ఇసుక మేట తేలుతుంది. ఆ దారిన నక్కలు నడిచి వెళ్లాయి. ఒకప్పుడు వందల్లో ఉన్న పెంగ్విన్లు 2005 నాటికి పదికి తక్కువగా మిగిలాయి. అప్పుడు ఒక కోళ్ల రైతు, మా కోళ్లను కాచే కుక్కనే పంపి చూడండి అన్నాడు. 2006లో మారెమ్మా అనే ఇటలీ జాతి గొర్రెల కాపలా కుక్కల్ని దీవి మీద ఉంచారు. పెంగ్విన్ల సంఖ్య మళ్లీ వంద దాటింది. 2017లో కడలి పోటెత్తి కుక్కల్ని దీవికి చేర్చలేకపోయిన రోజుల్లో నక్కలు వచ్చి దాదాపు 140 పెంగ్విన్లను చంపేశాయి.

ఈ కథలో మమ్మల్ని ఆకట్టుకున్నది అక్కడ పక్షుల్ని కాచింది కుక్కే కావడం. మందను కాచే కుక్కల మాట యోబు గ్రంథంలోనూ ఉంది (30:1). కుక్క స్వభావంలోనే శత్రుత్వం ఉందనుకోవడానికి వీల్లేదు. దానికి యజమాని ఉన్నాడా, పని ఉందా, కడుపు నింపే చెయ్యి ఉందా అన్నదే తేడా. యజమాని లేని కుక్క తన తిండి తానే వెతుక్కుంటుంది. 2018లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, మన దేశంలో కుక్కలు 80 జాతుల వన్యప్రాణుల మీద దాడి చేస్తున్నట్టు తేలింది. వాటిలో 31 జాతులు ముప్పులో ఉన్నవాటి జాబితాలోనివి. మన కోస్తా తీరంలో సముద్రపు తాబేళ్లు ఇసుకలో పెట్టే గుడ్లను కుక్కలూ నక్కలూ తవ్వి తినేస్తున్నందుకే అటవీశాఖ, స్వచ్ఛంద సంస్థలు ఆ గుడ్లను ఏరి కంచెల్లో దాచి పొదిగిస్తున్నాయి.

మరి ఈ కుక్కలకు భోజనం పెట్టిందెవరు? సురోఫెనికయ స్త్రీ కథ మనందరికీ తెలుసు. పిల్లలు పడేసే రొట్టెముక్కలు బల్ల కింద కుక్కపిల్లలు తింటాయని ఆమె ప్రభువుకే జవాబు చెప్పింది (మార్కు 7:28). అక్కడ గ్రీకులో ఉన్నది ‘కునారియోన్’, అంటే ఇంట్లో తిరిగే చిన్న కుక్క. వీధికుక్కకు వాడే మాట వేరు. ఆమె విశ్వాసం గురించి ఎన్నో ప్రసంగాలు విన్నాం, చెప్పాం. ఆమె మాటలో ఇంకొక మామూలు నిజం కూడా ఉంది. కుక్క ఎక్కడుంటుంది? ముక్కలు రాలే బల్ల కింద.

మన బల్లలు చాలా పెద్దవైపోయాయి. చచ్చిన చేపల్ని చెరువు గట్టునే పారేస్తున్నారు. కోళ్ల దుకాణాల వ్యర్థాలు సంచుల్లో రోడ్ల పక్కకు చేరుతున్నాయి. నిషేధమున్నా వాటినే చేపలకు మేతగా వేయడానికి రాత్రిపూట తరలిస్తుంటే అధికారులు పట్టుకున్న సందర్భాలూ ఉన్నాయి. గూడెం నుంచి ఏలూరు వరకు కాలువ గట్టు వెంట వెళ్తే ముక్కు మూసుకోవలసిన చోట్లు ఎన్నో. మందిర ప్రతిష్ఠలకూ, ఉజ్జీవ సభలకూ, క్రిస్మస్ ప్రేమ విందులకూ వందలమందికి బిర్యానీ వండుతాం. దేవునికి స్తోత్రం! కానీ ఆ రాత్రి విస్తళ్లూ ఎముకలూ ఎక్కడికి వెళ్తున్నాయో మైకు కట్టినవాళ్లకూ తెలియదు, వాక్యం చెప్పినవాళ్లకూ తెలియదు. కుక్కలకు తెలుసు. మూడు రోజులు మెక్కి, నాలుగో రోజు ఆకలికి గట్టు పట్టుకుని పిట్టగూళ్ల వైపు వెళ్తాయి.

‘విషం పెట్టేస్తే పోలా?’ అని విశ్వాసులే అడగడం విన్నాం. మన ప్రాంతంలో అదీ జరిగింది. 2021 జూలైలో లింగపాలెంలో సుమారు 300 వీధికుక్కల్ని చంపి గోతిలో పూడ్చారన్న వార్త దేశమంతటా పత్రికల్లో వచ్చింది, పోలీసు కేసు కూడా నమోదైంది. అది నేరం. దాన్ని మించి మూర్ఖత్వం. విషం తిన్న కుక్క గట్టు మీద చస్తే దాన్ని పీక్కుతినే గద్ద చస్తుంది, కాకి చస్తుంది. తిండి అక్కడే ఉంటే ఆరు నెలల్లో పక్క ఊరి కుక్కలు వచ్చి ఆ చోటు నింపుతాయి. తన పశువుల ప్రాణాన్ని పట్టించుకునేవాణ్నే సామెతల గ్రంథం నీతిమంతుడంటుంది (12:10).

చట్టం చెప్పే దారి వేరు. 2001 నాటి నిబంధనల స్థానంలో 2023లో వచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం కుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టుకున్న చోటే వదలాలి. ఆ బాధ్యత స్థానిక సంస్థలది. బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల వంటి చోట్ల నుంచి కుక్కల్ని తరలించాలనీ, తిరిగి అక్కడ వదలవద్దనీ 2025 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. పిట్టలు గుడ్లు పెట్టే గట్ల గురించి మాత్రం ఎవరూ అంత గట్టిగా అడగలేదు. ఆపరేషన్ మంచిదే, చేయించాల్సిందే. కానీ ఆపరేషన్ అయిన కుక్క గుడ్లు తినడం మానదు కదా!

నిర్గమకాండంలో పొడిచే ఎద్దు గురించిన కట్టడ ఒకటుంది. ఎద్దు మొదటిసారి మనిషిని పొడిచి చంపితే యజమాని నిర్దోషి. అది పొడుస్తుందని తెలిసి, హెచ్చరించినా కట్టెయ్యకపోతే నేరం యజమానిది (21:28,29). ఆ వెంటనే, గొయ్యి తవ్వి మూత పెట్టనివాడు అందులో పడిన పశువుకు సొమ్ము చెల్లించాలన్న కట్టడ వస్తుంది (21:33,34). ఊరకుక్కకు యజమాని ఎవరన్నది తేలని ప్రశ్న. గొయ్యి తవ్విందెవరన్నది మాత్రం తేలిపోయిందనే మేమనుకుంటున్నాం.

అందుకే మా సంఘాల్లో ఈ సంగతి పెద్దల కమిటీ ముందు పెట్టాం. మందిర ఆవరణలో లోతైన గొయ్యి తవ్వి, విందు వ్యర్థాలు ఆ రాత్రే వేసి మట్టి కప్పాలని తీర్మానించాం. సభలకు అనుమతి అడిగే కాగితంలోనే వంటవాళ్ల బాధ్యతగా దాన్ని రాస్తున్నాం. కుక్కల్ని పెంచుకునే ఇళ్లవాళ్లకు పశువుల ఆసుపత్రిలో టీకా వేయించమనీ, మార్చి నుంచి జూన్ దాకా వాటిని గట్ల మీదికి వదలవద్దనీ ప్రకటనల సమయంలో చెబుతున్నాం. మే నెలలో వీబీఎస్‌కు వచ్చే పిల్లలకు తీతువు గుడ్డు ఎలా ఉంటుందో బొమ్మ గీసి చూపించాలనుకున్నాం. గూడు దగ్గరికి మాత్రం వెళ్లొద్దని గట్టిగా చెప్పాలి, ఎందుకంటే పిల్లల వెనకే కుక్కా వస్తుంది.

ఒక్క ప్రశ్నకు మాత్రం కమిటీలో జవాబు దొరకలేదు. లోపలి లంకల్లోని కుక్కల్ని పట్టి, పడవెక్కించి, ఆపరేషన్‌కు తెచ్చి, మళ్లీ దింపి రావడానికి మనుషులెవరు, ఖర్చెవరిది? పంచాయతీకి అర్జీ రాస్తున్నాం. పడవ తానిస్తానన్నాడు ఆ ముసలి మత్స్యకారుడు. డీజిల్ మాత్రం సంఘం పోయించాలట.