జీతంలో యాత్ర వాటా: ఉప్పల్, నాచారం విశేషాలు

శనివారం పొద్దున్నే ఉప్పల్ రింగ్‌రోడ్డు దగ్గర, వరంగల్ వైపు బస్సులు ఆగే చోట చూడండి. యాదగిరిగుట్ట బోర్డు కనబడగానే జనం ఒక్కసారిగా కదులుతారు. ఆడవాళ్ల చేతిలో ఆధార్ కార్డు, భుజాన పులిహోర డబ్బా సర్దిన సంచి, చంకలో పిల్లవాడు. అదే రోడ్డు మీద మెట్రో పిల్లర్ పక్కన చక్రాల సూట్‌కేసులతో ఇంకో కుటుంబం ఎయిర్‌పోర్టు క్యాబ్ కోసం చూస్తుంటుంది. ఎవరి సెలవు ఖరీదైనదంటే ఎవరైనా రెండో కుటుంబాన్నే చూపిస్తారు. రూపాయల్లో అది నిజమే. బస్సు కోసం నిలబడ్డ కుటుంబం తిరుపతికో మేడారానికో బయల్దేరిన ఏడాది మాత్రం, సంపాదనలో ఎన్నో వంతు పోయిందని లెక్క వేస్తే, ఆ కుటుంబమే ముందుంటుంది. ఈసారి విశేషాలన్నీ ఆ వంతు గురించే.

ముందు ఇంటి ఖర్చు

కేంద్ర గణాంక శాఖ 2023-24లో చేసిన గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం తెలంగాణ పట్టణాల్లో మనిషికి నెల సగటు ఖర్చు 8,978 రూపాయలు. దేశం మొత్తం మీద పట్టణ సగటు 6,996. మన లెక్కన నలుగురున్న ఇంటికి నెలకు దాదాపు 36 వేలు, ఏడాదికి 4 లక్షల 31 వేలు. తిండి, బట్టలు, అద్దె, ఫీజులు, మందులు, పెట్రోలు అన్నీ ఇందులోనివే. యాత్ర కూడా ఇందులోంచే రావాలి.

సంపాదన పెరిగేకొద్దీ అందులో తిండి వాటా తగ్గుతుందని జర్మన్ గణాంకవేత్త ఎర్నెస్ట్ ఎంగెల్ 1857లోనే చెప్పాడు. ఇదే సర్వేలో దేశ గ్రామాల్లో తిండి వాటా 47.04 శాతం, పట్టణాల్లో 39.68 శాతం. తిండి, అద్దె పోగా చేతిలో మిగిలేదే సెలవుకు ఆధారం. ఎవరికి ఎంత మిగులుతుందన్న దగ్గరే దారులు విడిపోతాయి.

అతి చవక ప్రయాణం

యాదగిరిగుట్ట మీద కొత్తగా కట్టిన యాదాద్రి ఆలయం 2022 మార్చి 28న తెరుచుకుంది. ఆ వెంటనే ఆర్టీసీ 'యాదాద్రి దర్శిని' పేరుతో మినీ బస్సులు వేసింది. మొదలుపెట్టినప్పుడు ఛార్జీ జూబ్లీ బస్‌స్టేషన్ (జేబీఎస్) నుంచి 100 రూపాయలు, ఉప్పల్ నుంచి 75. తర్వాత 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం వచ్చింది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు జీరో టికెట్. 2025 జూలై నాటికి ఆ టికెట్ల మీద జరిగిన ప్రయాణాలు 200 కోట్లు దాటాయి. మన రాష్ట్రంలో ఇంత తక్కువ కాలంలో ఇన్ని ప్రయాణాలను తేలిక చేసిన పని మరొకటి నాకు కనబడలేదు.

ఈ పథకం మీద వాదనలు చాలానే ఉన్నాయి. ఇంటి లెక్కలో జరిగిన మార్పు మాత్రం స్పష్టం. గుట్టకో వేములవాడకో వెళ్లాలంటే ఛార్జీ డబ్బులు ఇంట్లో అడగాల్సిన పని లేకుండా పోయింది. ఆదివారం నలుగురు అమ్మలక్కలు మాట్లాడుకుని బయల్దేరిపోతున్నారు. కొబ్బరికాయ, ప్రసాదం, కొండ మీదికి ఆటో, పిల్లలకు ఐస్‌క్రీమ్. అన్నీ కలిపినా ఒక రోజు కూలి దాటదు.

తిరుపతి: ఇరవై ఒక్క రోజుల పని, లేదా మూడు రోజుల పని

ఇప్పుడు కొంచెం నిదానంగా లెక్క వేద్దాం. నాచారం పారిశ్రామికవాడలో (ఐడీఏలో) నెలకు 15 వేలు తెచ్చుకునే కార్మికుడి కుటుంబం, హబ్సిగూడ వైపు నెలకు లక్ష జీతంతో ఉన్న ఐటీ ఉద్యోగి కుటుంబం, రెండూ ఒకే ఏడాది తిరుపతి వెళ్లాయనుకుందాం. రెండింట్లోనూ నలుగురే. రెండూ స్లీపర్ క్లాసులోనే వెళ్లాయి, 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనమే తీసుకున్నాయి. రానుపోను రైలు, గది, కొండ మీదికి బస్సు, కాళహస్తి, అదనపు లడ్డూలు, దారి తిండి, ఇంటికొచ్చాక చుట్టుపక్కల పంచే ప్రసాదం అన్నీ కలిపి 12 వేలు వేసుకుందాం.

లక్ష జీతగాడికి అది ఏడాది సంపాదనలో ఒక్క శాతం. కార్మికుడికి 6.7 శాతం. నెలకు 26 పనిదినాల చొప్పున చూస్తే ఐటీ ఉద్యోగికి అది మూడు రోజుల పైచిలుకు పని, కార్మికుడికి దాదాపు 21 రోజుల పని. దేవుడొకడే, రైలొకటే, లడ్డూ రుచీ ఒకటే. ధర దాదాపు ఏడింతలు.

ఇంకో ఖర్చు ఏ రసీదు మీదా రాదు. ఐటీ ఉద్యోగి వెళ్లిన మూడు రోజులకూ జీతం పడుతుంది. కాంట్రాక్టరు దగ్గర రోజు లెక్కన పనిచేసే మనిషికి ఆ మూడు రోజుల కూలి పోతుంది. అది కూడా కలిపితే ఆ యాత్ర అతనికి 24 రోజుల పని. జీతంతో కూడిన సెలవు చట్టంలో లేదని కాదు. 1948 నాటి కర్మాగారాల చట్టం ఏడాదిలో 240 రోజులు పనిచేసినవారికి ప్రతి 20 రోజులకు ఒక రోజు చొప్పున సెలవు ఇమ్మంది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్ ఆ 240ని 180కి తగ్గించింది. ఆరేసి నెలలకు మనుషుల్ని మార్చే షెడ్డుల్లో ఆ హక్కు మనిషి చేతికి చేరుతుందా లేదా అన్నదే అసలు సంగతి. నా దృష్టిలో సెలవు ఖర్చుల్లో ఎవరికీ కనబడనిది ఈ పోయిన కూలే. టూరిజం లెక్కల్లో దాన్ని ఎవరూ వేయరు.

నాచారం, మల్లాపూర్ వాళ్లకు ఈ మధ్య కలిసొచ్చినదొకటి ఉంది. 2025 జనవరి 6న చర్లపల్లి కొత్త టెర్మినల్ ప్రారంభమైంది. అక్కడ ఆగే రైలు దొరికితే, మూటాముల్లెతో సికింద్రాబాద్ దాకా పెట్టుకునే ఆటో డబ్బులు మిగులుతాయి.

ఒకే కొండ, ధర సున్నా నుంచి కోటిన్నర దాకా

తిరుమలలో సర్వదర్శనం ఉచితం, అన్నప్రసాదం ఉచితం. మూడు వందల క్యూ ఉంది. శ్రీవాణి ట్రస్టుకు 10 వేలు విరాళమిచ్చి, 500 టికెట్ కొని వెళ్లే దారి ఉంది. వీటన్నిటినీ మించినది 2022లో టీటీడీ ఇచ్చిన ఉదయాస్తమాన సేవ టికెట్. మామూలు రోజుకు కోటి రూపాయలు, శుక్రవారానికి కోటిన్నర. ఏడాదికి ఒక రోజు చొప్పున 25 ఏళ్లు సేవ చేసుకోవచ్చు. ఆ డబ్బు తిరుపతిలోని చిన్నపిల్లల ఆసుపత్రికి. కోటిని 25 ఏళ్లకు పంచితే ఒక్క రోజు సేవకు 4 లక్షలు పడుతుంది. పైన చెప్పుకున్న నలుగురున్న సగటు ఇంటి ఏడాది ఖర్చుకు అది దాదాపు సమానం.

బోనస్ అంతా బెల్లానికే

రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి మేడారం సమ్మక్క సారలమ్మ జాతర. 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు, 2026లో జనవరి 28 నుంచి 31 వరకు. కోటి మందికి పైగా వస్తారని చెప్పుకునే ఈ జాతరకు హైదరాబాద్ తూర్పు వైపు నుంచి ప్రధాన ద్వారం మన ఉప్పలే. ఆర్టీసీ స్పెషళ్లు, డీసీఎం వ్యాన్లు, తూఫాన్ బండ్లు అన్నీ ఘట్‌కేసర్ రోడ్డే పడతాయి.

అమ్మవారికి మొక్కు బంగారం. బంగారమంటే బెల్లం, మనిషి బరువంత తూచి ఇస్తారు. ప్రపంచంలో మనిషి బరువును బట్టి మారే యాత్ర ఖర్చు ఎక్కడైనా ఉంటే ఇలాంటి చోటే ఉండాలి. కిలో 50 రూపాయలు వేసుకున్నా 60 కిలోల మనిషికి 3 వేలు. ఇంట్లో ఇద్దరు మొక్కుకుంటే ఆరు వేలు. బెల్లం కొట్టులో తక్కెడ మీద కోడలు కూర్చుంటే, పక్కన అత్త చీర కొంగు ముడి విప్పి నోట్లు లెక్కపెడుతూ ఉంటుంది. ఇద్దరి మొహాల్లోనూ బాధ ఉండదు. మేకపోతు, బండి కిరాయి, నాలుగు రోజుల గుడారం సామాను దీనికి అదనం.

ఈ డబ్బు చాలా ఇళ్లలో బోనస్ నుంచో చిట్టీ నుంచో వస్తుంది. చట్టం ప్రకారం కనీస బోనస్ 8.33 శాతం, అంటే ఏడాది జీతంలో పన్నెండో వంతు. నెలకు 7 వేల మీద లెక్కగట్టినా ఏడాదికి దాదాపు 7 వేలు. దసరాకు వచ్చిన ఆ డబ్బును కదపకుండా మాఘం దాకా దాచి ఉంచే ఇళ్లున్నాయి. అది దుబారా అనేవాళ్లతో నేను ఏకీభవించను. బిడ్డ బతికితే వస్తామని మొక్కుకున్న తల్లికి అది తీర్చాల్సిన బాకీ. కరెంటు బిల్లులాగే దానికీ గడువుంటుంది.

ఇంగ్లండ్‌లో లాంకషైర్ నూలు మిల్లుల ఊళ్లలోనూ ఒకప్పుడు ఇదే పద్ధతి. కార్మికులు వారం వారం కొన్ని పెన్నీలు క్లబ్బులో కట్టుకుంటూ పోయి, ఏడాదికోసారి మిల్లు మూసే వారంలో ఆ డబ్బు తీసుకుని సముద్రం ఒడ్డుకు వెళ్లేవారు. అదీ చిట్టీయే.

టికెట్ వాటా సున్నా

ఉప్పల్ రోడ్డు మీద ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీ, సర్వే ఆఫ్ ఇండియా లాంటి కేంద్ర సంస్థలు ఉన్నాయి. కేంద్ర ఉద్యోగులకు 1956లో మొదలైన సెలవు ప్రయాణ రాయితీ (ఎల్‌టీసీ) వల్ల నాలుగేళ్ల గడువులో సొంతూరికి రెండుసార్లు, లేదా సొంతూరికి ఒకసారి, దేశంలో ఎక్కడికైనా ఒకసారి కుటుంబంతో వెళ్లిరావచ్చు. టికెట్ డబ్బు ప్రభుత్వానిది, గది, భోజనం మనవి. కాలనీల్లో పాత ఆల్బమ్‌లు తిరగేస్తే కశ్మీర్, కన్యాకుమారి ఫొటోలు ఎక్కువగా ఈ ఇళ్లలోనే కనబడతాయి. రోడ్డుకు అటువైపు ఐడీఏ షెడ్డులో పనిచేసేవాడికి ఆ టికెట్ కూడా బోనస్‌లోంచే.

పన్ను ఎక్కువ పడే సరదా

ఉప్పల్ స్టేడియంలో 2024 మార్చి 27న సన్‌రైజర్స్ 277 కొట్టినప్పుడు అది ఐపీఎల్ రికార్డు. మరుసటి ఏడాది మార్చి 23న ఇక్కడే 286 చేశారు. పన్నులోనూ ఐపీఎల్‌కు రికార్డుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి టికెట్ మీద జీఎస్టీ 28 నుంచి 40 శాతానికి పెరిగింది. వెయ్యి రూపాయల టికెట్‌కు 400 పన్ను. అదే రోజు నుంచి రోజుకు 7,500 లోపు హోటల్ గది మీద పన్ను 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పక్కింటి స్టేడియంలో మ్యాచ్ చూడటం కంటే ఊరు దాటి గది తీసుకోవడం మీదే పన్ను తక్కువ.

పొడవైన యాత్ర

తెలుగువాళ్ల పొడవైన యాత్రల్లో ముందు చెప్పుకోవాల్సింది ఏనుగుల వీరాస్వామయ్యదే. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్‌గా పనిచేసిన ఆయన 1830 మే 18న బయల్దేరి 1831 సెప్టెంబర్ 3న ఇల్లు చేరారు. పదిహేను నెలల పైచిలుకు. వెంట దాదాపు వంద మంది పరివారం. హైదరాబాద్ మీదుగానే కాశీ వెళ్లారు. ఇప్పుడు భారత్ గౌరవ్ రైలు 2023 మార్చి 18న మొదటిసారి సికింద్రాబాద్‌లో బయల్దేరి పూరీ, కాశీ, అయోధ్య చూపించి తొమ్మిదో రోజున తీసుకొచ్చింది. అప్పట్లో స్లీపర్‌లో మనిషికి 15 వేల ప్రాంతం. రిటైరైన దంపతులకు 30 వేల లోపు.

అతి దూరం, సొంత ఖర్చు అతి తక్కువ

హబ్సిగూడ, నాచారం అపార్ట్‌మెంట్లలో కూతురి పురిటికి అమెరికా వెళ్లొచ్చిన అమ్మమ్మలకు కొదవ లేదు. వీసా ఫీజు 185 డాలర్లు, విమానం టికెట్ అన్నీ పిల్లలే కడతారు. పదమూడు వేల కిలోమీటర్ల ప్రయాణం, పింఛనులోంచి పైసా కదలదు. ఇంకోవైపు, మనవాళ్లు సొంత డబ్బుతో వెళ్లే విదేశీ యాత్రలూ తక్కువేం కాదు. రిజర్వ్ బ్యాంకు ఉదారీకృత విదేశీ చెల్లింపుల పథకం కింద 2023-24లో దేశం దాటిన 31.7 బిలియన్ డాలర్లలో సగానికి పైగా, దాదాపు 17 బిలియన్లు, ప్రయాణాల కోసమే.

సెలవే పేదరికానికి కొలత

సెలవును లెక్కగట్టడానికి యూరప్‌లో ఇంకో పద్ధతి ఉంది. ఏడాదికి ఒక వారం ఇంటికి దూరంగా సెలవు గడిపే స్తోమత ఉందా అని ఇంటింటా అడుగుతారు. లేదంటే దాన్ని లేమికి గుర్తుగా లెక్కేస్తారు. 2024లో యూరోపియన్ యూనియన్‌లో 27 శాతం మంది లేదన్నారు. రొమేనియాలో 58.6 శాతం, లక్సెంబర్గ్‌లో 8.9. ఫ్రాన్స్ 1936లోనే కార్మికులందరికీ రెండు వారాల జీతపు సెలవు చట్టం చేసింది. మన దగ్గర పేదరికం లెక్కకు తిండి, ఇల్లు, గ్యాసు, కరెంటు అడుగుతాం. చివరిసారి ఇంటిల్లిపాదీ కలిసి ఎక్కడికి వెళ్లారని ఎవరూ అడగరు. నాచారం షెడ్డుల్లో ఆ ప్రశ్న అడిగి చూడాలి.

అడిగే అవకాశం ఇప్పుడొచ్చింది. జాతీయ గణాంక కార్యాలయం 2025 జూలై నుంచి 2026 జూన్ వరకు దేశీయ పర్యాటక వ్యయ సర్వే పెట్టుకుంది. ఇలాంటి సర్వేల్లో ఎప్పుడూ బంధువుల ఇళ్లు, పెళ్లిళ్ల ప్రయాణాలదే పెద్ద వాటా. సర్వేవాళ్లు మీ గుమ్మంలోకి వస్తే టికెట్, గది చెప్పి ఊరుకోకండి. బెల్లం ఎన్ని కిలోలో, బంధువులకు పెట్టిన బట్టలెన్నో, చిట్టీ ఎంతకు పాడారో, పోయిన కూలి ఎన్ని రోజులదో అన్నీ చెప్పండి. రాసుకునే గడి లేదంటే, రాయమని అడగండి.