కొత్త వాచీకి పాత రంగు: వేసేదెలా, పట్టేదెలా

బెంగళూరులోనో తుమకూరులోనో తరాలుగా ఉంటున్న మన ఇళ్లలో బీరువా అడుగున ఒక హెచ్ఎంటీ వాచీ దొరకడం వింతేమీ కాదు. జపాన్‌కు చెందిన సిటిజన్ కంపెనీ సాయంతో 1961లో బెంగళూరులో మొదలైన ఆ ఫ్యాక్టరీ వాచీలు పెళ్లిళ్లలో అల్లుళ్ల చేతికీ, పరీక్ష పాసైన పిల్లల చేతికీ ఎక్కాయి. 2016లో కేంద్ర మంత్రివర్గం హెచ్ఎంటీ వాచెస్ మూసివేతకు ఆమోదం తెలిపింది. ఇప్పుడు వాటిని వెతికి మరీ కొనేవాళ్లున్నారు. పాతదనానికి గిరాకీ ఉన్నచోట దాన్ని తయారుచేసేవాళ్లూ ఉంటారు కదా.

తయారీ కొంత సరదా పనే. రాగి చెంబును చింతపండు పెట్టి తోమితే మెరుస్తుంది. కంచు కేసు ఉన్న వాచీ మీద దీనికి సరిగ్గా తలకిందులు పని చేస్తారు. ఉడికించిన గుడ్డు పచ్చసొనను చిదిమి, కేసుతో పాటు మూత బిగించిన డబ్బాలో ఉంచుతారు. గుడ్డులోని గంధకం వాయువుగా వెలువడి, కంచులోని రాగితో కలిసి గోధుమ, నలుపు రంగుల పొర కడుతుంది. ఉప్పు, వినిగర్ తగిలితే పచ్చని చిలుము పడుతుంది. నచ్చకపోతే నిమ్మరసంతో పోతుంది. స్టీలు కేసుకు ఈ వైద్యం పనికిరాదు. లోపలి మిషన్ తీసేశాకే ఇదంతా చేయాలి. వినిగర్ ఆవిరి లోపలికి చేరితే ఉక్కు భాగాలు తుప్పు పడతాయి.

డయలు చుట్టూ ఉండే నల్లటి అల్యూమినియం రింగును బట్టల బ్లీచ్‌లో కాసేపు ముంచితే ఎండకు వెలిసినట్టు బూడిద రంగుకు వస్తుంది. ఆ బ్లీచ్‌ను పొరపాటున కూడా వినిగర్‌తో కలపకండి, విషవాయువు పుడుతుంది. చీకట్లో వెలిగే అంకెలకు కాఫీ డికాషనో టీనో పూసి పసుపు తెప్పిస్తారు.

ఇవన్నీ సొంత వాచీ మీద, కొత్త వాచీ మీద చేసుకుంటే ఎవరికీ నష్టం లేదు. నిజంగా పాతదైన వాచీ జోలికి మాత్రం పోవద్దు. 1960లకు ముందటి చాలా విదేశీ వాచీల అంకెలకు రేడియం పూసేవారు. వెలుగు ఎప్పుడో ఆగిపోయినా రేడియం అలాగే ఉంటుంది, అది సగం తరగడానికే 1,600 ఏళ్లు పడుతుంది. గీకితే లేచే పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఇక కొనేటప్పుడు. నిజమైన పాతదనం ఒక్కచోట ఉన్నట్టు ఇంకోచోట ఉండదు. చొక్కా కఫ్‌కు రాసుకునే అంచు అరుగుతుంది, రోజూ తిప్పే కీ పళ్లు నునుపవుతాయి, పట్టీ కింద చెమట మరకలు ఉంటాయి. వేసిన పాతదనం అన్నిచోట్లా ఒకే మోతాదులో ఉంటుంది. కేసు నిండా గీతలుండి డయలు మాత్రం నిన్న అచ్చేసినట్టుంటే అది తిరిగి రంగు వేసిన డయలు. అక్షరాలను భూతద్దంతో చూడండి. అంచులు చెదిరినా, గంటల గీతలు ముళ్ల వరసకు కాస్త పక్కకు జరిగినా అనుమానించాల్సిందే. ఏ కేటలాగులోనూ లేని నారింజ, గులాబీ డయళ్లతో హెచ్ఎంటీలు కనిపిస్తే అవి రిపేరు బల్ల మీద పుట్టినవే అనుకోవచ్చు. తెలిసి కొంటే తప్పు లేదు, అందంగానే ఉంటాయి. అసలుదని చెప్పి అసలు ధరకు అమ్మడమే మోసం.

మన ఇళ్లలో జరిగే నష్టం వేరే రకం. మా తాతగారి వాచీ ఆగిపోతే నేనే ఒక దుకాణంలో ఇచ్చాను. వాళ్లు మంచి చేద్దామనే కేసును పాలిష్ చేసి, పసుపెక్కిన డయలుకు తెల్ల రంగు వేసి ఇచ్చారు. టైము బాగానే చూపిస్తోంది. మా అమ్మ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, “ఇది నాన్నది కాదురా, మార్చేశారేమో” అంది. అదే వాచీ అని నమ్మించడానికి వెనక మూత మీది నంబరు చూపించాల్సి వచ్చింది.

కాబట్టి రిపేరుకు ఇచ్చేటప్పుడు నోటితో చెప్పి ఊరుకోకుండా రసీదు మీద రాయించండి: మిషన్ సర్వీసు మాత్రమే, డయలు ముట్టుకోవద్దు, పాలిష్ వద్దు, తీసిన పాత భాగాలు తిరిగి ఇవ్వాలి. ఇచ్చే ముందు ముందూ వెనకా ఒక్కో ఫోటో తీసుకోండి.